ఉద్యోగి విలువ లెక్కకు అందుతుందా?

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ హైదరాబాదును కుదిపేసింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఆయన అందులో ఒప్పుకున్నారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయలకు దిగజారింది. కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తొలగించి కొత్త సభ్యులను నియమించింది. ఏప్రిల్‌లో వేలం జరిగింది. టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున పాడి, 31 శాతం వాటాను సుమారు 1,757 కోట్లకు దక్కించుకుంది.

మోసం బయటపడి మూడు నెలలే అయిన కంపెనీకి ఇంత డబ్బు ఎందుకు పెట్టారు? చెప్పిన నగదు లేదు. మెడ మీద కేసులున్నాయి. ఖాతాల మీద ఎవరికీ నమ్మకం లేదు. నిలిచి ఉన్నవి ప్రధానంగా రెండే. ఒకటి, పని తెలిసిన వేలాదిమంది ఇంజినీర్లు. రెండు, ఆ ఇంజినీర్లతో పని జరిపించుకుంటున్న విదేశీ ఖాతాదారులు. పుస్తకంలో ఉన్న ఆస్తి కంపెనీలో లేదు. కంపెనీలో ఉన్న ఆస్తి పుస్తకంలో లేదు.

ఆ రెండో రకం ఆస్తి గురించే ఈ వ్యాసం. దాన్ని కొలవగలమా, కొలిచినా ధర కట్టగలమా, కట్టి ఏం చేసుకోవాలి అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

మానవ మూలధనం అంటే

ఉద్యోగుల చదువు, నైపుణ్యం, అనుభవం, ఆరోగ్యం, కలిసి పనిచేసే అలవాటు అన్నీ కలిసి సంస్థకు ఒక శక్తినిస్తాయి. దాన్నే మానవ మూలధనం అంటున్నారు. మూలధనానికి ఉండే లక్షణాలు దీనికీ ఉన్నాయి. ముందు ఖర్చు పెట్టాలి. ఫలితం ఆ తర్వాత ఏళ్ల తరబడి వస్తుంది. పట్టించుకోకపోతే తరిగిపోతుంది.

ఈ ఆలోచన పాతదే. దేశపు స్థిర మూలధనంలో యంత్రాలు, భవనాలతో పాటు జనం నేర్చుకున్న సామర్థ్యాలను కూడా ఆడమ్ స్మిత్ 1776లోనే చేర్చాడు. 1960లో అమెరికన్ ఆర్థికవేత్తల సంఘం అధ్యక్షుడిగా థియొడోర్ షుల్జ్ ఇదే అంశం మీద ప్రసంగించాడు. చదువు మీద, ఆరోగ్యం మీద పెట్టేదాన్ని పెట్టుబడిగా చూడాలన్నది ఆయన వాదన. 1964లో గ్యారీ బెకర్ ఈ పేరుతోనే పుస్తకం రాశాడు. తర్వాతి కాలంలో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. షుల్జ్‌కు 1979లో, బెకర్‌కు 1992లో.

సంస్థలకు బాగా పనికొచ్చే తేడా ఒకటి బెకర్ చూపించాడు. శిక్షణ రెండు రకాలు. మొదటిది సాధారణ శిక్షణ (ఏ కంపెనీలోనైనా పనికొచ్చే విద్య). జావా ప్రోగ్రామింగ్ అలాంటిది. రెండోది ప్రత్యేక శిక్షణ (ఆ ఒక్క సంస్థలోనే అక్కరకొచ్చే జ్ఞానం). ఒక బ్యాంకు ఇరవై ఏళ్ల కిందట సొంతంగా రాయించుకున్న సాఫ్ట్‌వేర్ లోతుపాతులు అలాంటివి. జావా నేర్చిన కుర్రాడు రేపు ఎక్కువ జీతానికి పక్క కంపెనీకి వెళ్లిపోవచ్చు. అందుకే సాధారణ శిక్షణ ఖర్చును కంపెనీలు మొదట్లో తక్కువ జీతం రూపంలో ఉద్యోగి మీదికే నెడతాయి. ప్రత్యేక జ్ఞానం సంగతి వేరు. దానికి బయట ధర లేదు. కానీ అది ఉన్న మనిషి వెళ్లిపోతే నష్టమంతా లోపలివాళ్లదే.

ఖాతా పుస్తకంలో చోటెందుకు లేదు?

మన దేశంలో పెద్ద కంపెనీలు పాటించే ఇండ్-ఏఎస్ 38 అనే ప్రమాణం కంటికి కనిపించని ఆస్తులకు సంబంధించినది. దాని ప్రకారం ఒకదాన్ని ఆస్తిగా రాసుకోవాలంటే మూడు షరతులు తీరాలి. దాన్ని విడిగా గుర్తించగలగాలి. దాని మీద సంస్థకు అదుపుండాలి. దానివల్ల ముందుముందు ప్రయోజనం రావాలి. నైపుణ్యమున్న ఉద్యోగి వల్ల ప్రయోజనం వస్తుందనడంలో సందేహం లేదు. చిక్కు రెండో షరతు దగ్గరే. లేత్ మిషన్ రాజీనామా చెయ్యదు. ఉద్యోగి నోటీసు పీరియడ్ పూర్తిచేసి వెళ్లిపోగలడు. అందుకే, నిపుణుల బృందం మీద సాధారణంగా సంస్థకు తగినంత అదుపు ఉండదని ఆ ప్రమాణమే చెబుతుంది. శిక్షణకు పెట్టిన డబ్బును ఏ ఏడాదికి ఆ ఏడాది ఖర్చు కింద రాసెయ్యాలనీ చెబుతుంది.

దీని పర్యవసానం చూడండి. ఒక కంపెనీ కోటి రూపాయలతో యంత్రం కొన్నది. దాని ఆయుష్షు పదేళ్లనుకుందాం. మొదటి ఏడాది తరుగుదల కింద లాభంలోంచి పోయేది పది లక్షలే. అదే కోటి రూపాయలను శిక్షణకు పెడితే మొత్తం కోటీ ఆ ఏడాది లాభంలోంచే పోతుంది. శిక్షణ ఫలితం కూడా పదేళ్లు రావచ్చు. ఖాతాకు ఆ సంగతి పట్టదు. కాబట్టి వ్యాపారం మందగించిన ఏడాది మేనేజరు కత్తెర పట్టుకుంటే ముందుగా తెగేది శిక్షణ బడ్జెట్టే. అతను దుర్మార్గుడేమీ కాదు. ఖాతా అతనికి ఆ దారి చూపిస్తోంది.

ఒక కంపెనీ మరో కంపెనీని కొన్నప్పుడు కూడా ఇంతే. అప్పటికే కుదురుకున్న ఉద్యోగ బృందానికి విడిగా పద్దు రాయరు. ఆ విలువ గుడ్‌విల్‌లో (కొన్న ధర నుంచి, విడిగా గుర్తించగల నికర ఆస్తుల విలువ తీసేస్తే మిగిలేది) కలిసిపోతుంది.

ఈ నియమం పక్కకు తప్పుకునే రంగం ఒకటుంది. అది ఫుట్‌బాల్. 2017లో నేమార్ కోసం ప్యారిస్ క్లబ్బు బార్సిలోనాకు 22.2 కోట్ల యూరోలు చెల్లించింది. ఆటగాడి నమోదు హక్కు ఒప్పంద కాలమంతా క్లబ్బు అదుపులో ఉంటుంది. అందుకే ఇలాంటి మొత్తాన్ని క్లబ్బులు ఆస్తిగా రాసుకుని, ఒప్పందం ఉన్నన్నాళ్లూ కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వస్తాయి. ఐదేళ్ల ఒప్పందమైతే ఏటా 4.44 కోట్ల యూరోలు. మరి పదమూడేళ్ల వయసు నుంచి బార్సిలోనా తన అకాడమీలోనే పెంచుకున్న మెస్సీ సంగతి? అతన్ని మరో క్లబ్బు నుంచి డబ్బిచ్చి కొనలేదు. కాబట్టి ఆ లెక్కన రాసుకోవడానికి కొనుగోలు ధరే లేదు. బయటి నుంచి తెచ్చుకున్నవాడు ఆస్తి, ఇంట్లో తయారైనవాడు సున్నా. ప్రతిభను తయారుచేసే సంస్థకు ఖాతా పుస్తకంలో గౌరవం దక్కకపోవడానికి ఇంతకన్నా తేట ఉదాహరణ ఉండదు.

మనుషులను నిజంగానే ఆస్తులుగా రాసుకున్న చరిత్ర కూడా ఉంది. 19వ శతాబ్దంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తి తోటల యజమానుల కోసం థామస్ ఆఫ్లెక్ అచ్చువేసిన ఖాతా పుస్తకాలు అమ్మేవాడు. ప్రతి బానిస పేరు ఎదుట ఏడాది మొదట్లో విలువ, చివర్లో విలువ రాయడానికి వాటిలో గడులుండేవి. అదుపు అనే షరతు అక్కడ పూర్తిగా తీరింది. మనిషికి వెళ్లిపోయే స్వేచ్ఛ లేదు గనకే తీరింది. ఈ రోజు ఉద్యోగి బ్యాలెన్స్ షీటులో లేడంటే, వెళ్లిపోయే హక్కు అతనికి ఉందని కూడా అర్థం. కొలతల గురించి ఆలోచించేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు.

ధర కట్టే ప్రయత్నాలు

1960లలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో రెన్సిస్ లికర్ట్, ఆయన సహచరులు ఈ సమస్య మీద పనిచేశారు. ఒహాయో రాష్ట్రంలోని ఆర్.జి. బ్యారీ అనే పాదరక్షల కంపెనీ ఆ దశకం చివర్లో దీన్ని ఆచరణలో పెట్టి చూసింది. మేనేజర్లను వెతకడానికి, తీసుకోవడానికి, పని నేర్పడానికి అయిన ఖర్చును విడిగా లెక్కగట్టి ఆస్తిలా చూపింది. మనిషి మానేస్తే మిగిలిన మొత్తాన్ని నష్టంగా రాసింది. ఇది పెట్టిన ఖర్చును బట్టి వేసిన లెక్క. ఆ మనిషి ఎంత పనికొస్తాడో ఇది చెప్పదు.

1971లో బారూక్ లెవ్, అబా ష్వార్ట్జ్ మరో దారి చూపారు. ఉద్యోగి రిటైరయ్యే వరకు సంపాదించబోయే జీతాలను ఇవాళ్టి విలువకు కుదించి కలపడం. చిన్న ఉదాహరణ చూద్దాం. ఒకరికి మూడేళ్ల సర్వీసు మిగిలింది. జీతం ఏటా పది లక్షలు. డిస్కౌంటు రేటు (రేపటి డబ్బును ఇవాళ్టి విలువకు కుదించే శాతం) 10 అనుకుందాం. ఏడాది తర్వాత వచ్చే పది లక్షల విలువ ఇవాళ 9.09 లక్షలు. రెండో ఏడాదిది 8.26 లక్షలు. మూడో ఏడాదిది 7.51 లక్షలు. మొత్తం దాదాపు 24.9 లక్షలు. ఈ పద్ధతి ప్రకారం ఆ ఉద్యోగి విలువ అది. ఇలాగే వయసు, హోదాల వారీగా అందరిదీ కలిపితే సంస్థ మానవ మూలధనం వస్తుంది.

భారత్‌లో ఈ పద్ధతికి మంచి ఆదరణ దక్కింది. ప్రభుత్వ రంగంలో భెల్ 1970లలోనే మొదలుపెట్టింది. సెయిల్ వంటి సంస్థలు అనుసరించాయి. 1990ల నుంచి చాలా ఏళ్లపాటు ఇన్ఫోసిస్ తన వార్షిక నివేదికలో ఈ అంకెను అచ్చువేసింది. అది అసలు ఖాతాల్లో భాగం కాదు. మదుపరుల కోసం పక్కన ఇచ్చిన అదనపు సమాచారం.

ఈ లెక్కలో బలహీనత ఎక్కడుందో పై ఉదాహరణలోనే కనిపిస్తుంది. జీతం రెట్టింపు చెయ్యండి. విలువ కూడా రెట్టింపవుతుంది. పనిలో పిసరంత మార్పు లేదు. జీతం సంస్థ మోసే ఖర్చు. ఆ ఖర్చే ఇక్కడ విలువకు కొలతగా మారింది. తక్కువ జీతానికి గొప్ప పని చేసే నర్సు ఈ లెక్కలో చిన్నబోతుంది. పైగా, ఉద్యోగి రిటైరయ్యేదాకా అక్కడే ఉంటాడన్నది ఈ లెక్క వెనకున్న ఊహ. మూడేళ్లకోసారి కంపెనీ మారే చోట ఆ ఊహ నిలవదు.

ఒకే అంకెతో ఇంకో ఇబ్బంది ఉంది. వేల కోట్ల మొత్తం చూసి మేనేజరు రేపు ఉదయం ఏం చెయ్యాలి? ఎవరికి శిక్షణ ఇవ్వాలి? ఏ విభాగంలో మనుషులు అలసిపోతున్నారు? ఆ అంకె దగ్గర జవాబు లేదు.

ఒక మనిషి మానేస్తే

ప్రశ్నను తిరగేస్తే జవాబు చేతికందుతుంది. ఈ మనిషి విలువెంత అని కాకుండా, ఈ మనిషి మానేస్తే మనకు ఎంత పోతుంది అని అడగాలి.

జీడిమెట్లలోనో జడ్చర్లలోనో ఒక మందుల ఫ్యాక్టరీని ఊహించుకుందాం. అక్కడ పొడిని నొక్కి మాత్రలుగా మార్చే కంప్రెషన్ మిషన్ ఉంది. దాని ఆపరేటరు పదేళ్లుగా అదే మిషన్ మీద ఉన్నాడు. ఒక్కోసారి మాత్ర పైపొర టోపీలా ఊడి వస్తుంది. దాన్ని క్యాపింగ్ అంటారు. పొడిలో తేమ తగ్గిందా, వేగం ఎక్కువైందా, ఒత్తిడి మార్చాలా అన్నది అతనికి చప్పున తడుతుంది. ఏం చెయ్యాలో ప్రొసీజర్ కాగితంలో రాసే ఉంటుంది. ఏది ముందు చూడాలో అనుభవం చెబుతుంది. కొత్తగా వచ్చినవాడిని వెంటనే ఆ మిషన్ మీద నిలబెట్టడం కుదరదు. శిక్షణ పూర్తయినట్టు రికార్డుండాలి. అతను అర్హుడని సంతకాలు పడాలి.

ఆపరేటరు మానేశాడు. జీతం నెలకు 30 వేలు. కొత్త మనిషి దొరకడానికి ఒక నెల, పని నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టాయనుకుందాం. ఆ మూడు నెలలూ అతని పనిలో సగాన్ని మిగతా ఆపరేటర్లు ఓవర్‌టైమ్‌లో చేశారు. చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం. సగం పనికి రెట్టింపు అంటే నెలకు 30 వేలు, మూడు నెలలకు 90 వేలు. ఖాళీగా ఉన్న నెలలో మిగిలిన జీతం 30 వేలు తీసేస్తే 60 వేలు. ప్రకటన, ఇంటర్వ్యూ, వైద్య పరీక్షలకు 12 వేలు. నెలకు 45 వేల జీతమున్న సీనియర్ తన సమయంలో పావు వంతు రెండు నెలలు నేర్పడానికి పెట్టాడు. అది 22,500. ఆ తర్వాత మూడు నెలలు కొత్తవాడు ముప్పావు వంతు వేగంతోనే పనిచేశాడు. అది మరో 22,500. అన్నీ కలిపితే 1,17,000. దాదాపు నాలుగు నెలల జీతం. చెయ్యలేకపోయిన మిగతా సగం ఉత్పత్తినీ, పాడైన బ్యాచ్‌లేవైనా ఉంటే వాటినీ ఇందులో కలపలేదు.

ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు. ఎవరి ఫ్యాక్టరీకి తగ్గట్టు వాళ్లు మార్చుకోవచ్చు. గమనించాల్సింది లెక్క నడిచే తీరు. ఈ లక్షా పదిహేడు వేలు ఖాతాలో ఒక్కచోట కనిపించవు. ఓవర్‌టైమ్ వేతనాల్లో కలిసిపోతుంది. ప్రకటన ఖర్చు ఆఫీసు ఖర్చుల్లోకి పోతుంది. సీనియర్ సమయానికి పద్దే లేదు. మానేసే ముందు ఆపరేటరు నెలకు రెండు వేల పెంపు అడిగాడనుకుందాం. అది మాత్రం స్పష్టంగా కనిపించే ఖర్చు. రెండు వేల చొప్పున నాలుగేళ్లిచ్చినా 96 వేలే. కనిపించే చిన్న ఖర్చును ఆపబోయి, కనిపించని పెద్ద ఖర్చును నెత్తినేసుకోవడం ఇలాగే జరుగుతుంది.

ఇప్పుడెందుకు ఈ చర్చ?

కంపెనీల విలువలో భవనాలు, యంత్రాల వాటా తగ్గి, జ్ఞానం వాటా పెరిగిన కాలం ఇది. ఖాతా నియమాలు మారలేదు. దాంతో నియంత్రణ సంస్థలు మధ్యేమార్గం పట్టాయి. మనుషులకు ధర కట్టమనడం లేదు. మనుషులకు సంబంధించిన వివరాలు వెల్లడించమంటున్నాయి.

2018 డిసెంబరులో ఐఎస్ఓ 30414 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. నియామకాలు, వలసలు, నైపుణ్యాలు, ఆరోగ్యం, భద్రత, నాయకత్వం వంటి అంశాలను ఎలా కొలిచి నివేదించాలో అది సూచిస్తుంది. 2020లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ లిస్టెడ్ కంపెనీలు మానవ మూలధనం గురించి వివరించాలని నిబంధన తెచ్చింది. ఏది ముఖ్యమో చాలావరకు కంపెనీలకే వదిలేసింది. జపాన్ 2023 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరం నుంచి లిస్టెడ్ కంపెనీల వెల్లడి నిబంధనలను గట్టి చేసింది. మేనేజర్లలో మహిళలెందరు, తండ్రులైనవారిలో సెలవు తీసుకున్నదెందరు, స్త్రీ పురుషుల జీతాల్లో తేడా ఎంత అన్నవి వాటిలో ముఖ్యమైనవి.

మన దేశంలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021లో బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరతల మీద కంపెనీలు ఏటా ఇచ్చే నివేదిక) రూపొందించింది. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి ఇది తప్పనిసరి. పర్మినెంటు ఉద్యోగులెందరు, కానివారెందరు, మూడేళ్లలో ఎంత శాతం మానేశారు, శిక్షణ ఎందరికి అందింది, ప్రసూతి సెలవు తర్వాత ఎందరు తిరిగొచ్చి నిలిచారు, ప్రమాదాలెన్ని అన్నవి ఇందులో ఉంటాయి. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఉద్యోగం వెతుక్కునే పిల్లలకు ఇది ప్యాకేజీ అంకె కన్నా ఎక్కువ సంగతులు చెబుతుంది.

అంకెలను చదివే పద్ధతి

ఈ వివరాల్లో ఎక్కువగా వినిపించేది అట్రిషన్ (ఏడాదిలో మానేసినవారి సంఖ్యను సగటు ఉద్యోగుల సంఖ్యతో భాగిస్తే వచ్చే శాతం). 2022 జూన్‌తో ముగిసిన పన్నెండు నెలలకు ఇన్ఫోసిస్ అట్రిషన్ 28.4 శాతానికి చేరింది. కరోనా తర్వాత సాఫ్ట్‌వేర్ నిపుణులకు గిరాకీ విపరీతంగా పెరిగిన కాలమది. ఆ తర్వాత గిరాకీ తగ్గింది, అట్రిషన్ కూడా తగ్గింది. కాబట్టి ఈ శాతం తగ్గినంత మాత్రాన ఉద్యోగులు సంతోషంగా ఉన్నారని చెప్పలేం. బయట ఉద్యోగాలు లేక ఆగినవారు కూడా అందులో ఉంటారు.

సగటు కూడా తప్పుదారి పట్టిస్తుంది. చెరువు సగటు లోతు మోకాలిదాకానే అని విని దిగితే మునిగే చోటు ఉండొచ్చు. మొత్తం అట్రిషన్ 12 శాతమే కావచ్చు. మానేసినవాళ్లంతా పదేళ్ల అనుభవమున్న డిజైన్ ఇంజినీర్లయితే కంపెనీ ప్రమాదంలో ఉన్నట్టే. ఎంతమంది వెళ్లారన్న దానితో పాటు ఎవరు వెళ్లారు, ఎన్నేళ్ల తర్వాత వెళ్లారు, వారి పని తెలిసిన రెండో మనిషి ఉన్నాడా అన్నవి అడగాలి.

శిక్షణ గంటల లెక్కకూ ఇదే జాగ్రత్త కావాలి. ఏడాదికి తలకు నలభై గంటలు అని లక్ష్యం పెడితే, వీడియో ఆన్ చేసి పక్కన పెట్టి గంటలు నింపడం మొదలవుతుంది. నేర్చుకున్నది పనిలోకి వచ్చిందా అన్నదే అసలు కొలత.

ఎవరిని లెక్కలో చేర్చారన్నది కూడా చూడాలి. ఆసుపత్రి, సిమెంటు ఫ్యాక్టరీ, విద్యుత్ కేంద్రం ఏదైనా కావచ్చు. కాంట్రాక్టు కార్మికులు ఏళ్ల తరబడి ఒకే చోట పనిచేస్తుంటారు. కాంట్రాక్టరు మారినా మనుషులు వాళ్లే. ఏ వాల్వు ఎక్కడ మొరాయిస్తుందో తెలిసింది వాళ్లకే. సంస్థ జ్ఞానంలో పెద్ద భాగం వాళ్ల దగ్గరుంది. శిక్షణ పట్టికలో, పదోన్నతి జాబితాలో మాత్రం వాళ్ల పేర్లుండవు. వారిని వదిలేసిన కొలత సగం కొలతే.

కట్టేసి ఉంచగలమా?

కొన్ని సంస్థలు అదుపు సమస్యకు బాండ్‌తో మందు వేస్తాయి. ఇన్నేళ్లలోపు మానేస్తే ఇంత కట్టాలన్న షరతు. విజయా బ్యాంకు కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు అలాంటి షరతును సమర్థించింది. మూడేళ్లు నిండకముందే మానేస్తే రెండు లక్షలు చెల్లించాలన్నది ఆ ఒప్పందం. ప్రభుత్వ రంగ సంస్థకు నియామకాల మీద ఖర్చవుతుందనీ, ఈ షరతు ఉద్యోగి వేరే పని చేసుకోకుండా అడ్డుపడటం లేదనీ కోర్టు భావించింది.

బాండ్ సంస్థ పెట్టిన ఖర్చులో కొంత తిరిగి తేగలదు. మనసు పెట్టి పనిచేయించలేదు. పక్కవాడికి నేర్పించలేదు. బెకర్ చెప్పిన ప్రత్యేక జ్ఞానం మనిషి ఇష్టపడి ఉన్నప్పుడే పెరుగుతుంది. ఉండాలనిపించే జీతం, ఎదిగే దారి, మాట వినే పై అధికారి, ఒకరికి తెలిసింది మరొకరికి చేర్చే అలవాటు. వీటి మీద పెట్టే ఖర్చు బాండ్ కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

కాబట్టి చెయ్యాల్సిన పని పెద్ద సూత్రాలతో మొదలవనక్కర్లేదు. ఇరవై మంది ఉన్న చిన్న పరిశ్రమ కూడా మూడు పనులు చెయ్యొచ్చు. ఒకటి, మానేసిన ప్రతి మనిషికి పైన వేసినట్టు లెక్క వెయ్యాలి. రెండు, ఒక్కరికే తెలిసిన పనులేవో జాబితా రాసి, ప్రతిదానికీ రెండో మనిషిని తయారుచెయ్యాలి. మూడు, శిక్షణ ఖర్చును చట్టం ప్రకారం ఖర్చు కిందే రాస్తూనే, సొంత పుస్తకంలో దాన్ని పెట్టుబడిగా విడిగా గమనించాలి. దాని ఫలితాన్ని ఏటా చూసుకోవాలి.

మనిషికి ధర కట్టే సూత్రం ఇంతవరకు ఎవరికీ సరిగా కుదరలేదు. కుదరకపోయినా నష్టం లేదు. మనిషిని పోగొట్టుకుంటే అయ్యే ఖర్చు మాత్రం కూడికలు, తీసివేతలతోనే తేలుతుంది. ఆ లెక్క బల్ల మీద ఉన్న రోజున జీతం, శిక్షణ, భద్రత గురించి తీసుకునే నిర్ణయాలు మారతాయి. కొలత అవసరం అందుకే.